బడి మూతపడితే గోడలెవరివి?

ఒక్క పిల్లవాడు కూడా చేరని బడులు దేశంలో 7,993 ఉన్నాయని 2024–25 యూడైస్ ప్లస్ లెక్కలు తేల్చాయి. వాటిలో పశ్చిమ బెంగాల్‌వి 3,812. రెండో స్థానం తెలంగాణది, 2,245. ఈ అంకెలు బయటికి వచ్చినప్పుడు చర్చంతా పిల్లలెందుకు రావడం లేదు, టీచర్లు ఏం చేస్తున్నారు అన్న రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది. తిరగాల్సిందే. ఆ గదుల సంగతేమిటన్న మూడో ప్రశ్న మాత్రం ఎవరూ పెద్దగా వేయలేదు. తాళం వేసిన బడి అలాగే నిలబడి ఉండదు. తొలి వానలకు కప్పు మీద పెంకు జారుతుంది. మరుసటి ఏడు వాసం తడిసి చెద పడుతుంది. కిటికీ రెక్కలు ఎవరి దొడ్డికో చేరతాయి. ఆఖరికి ఇంజినీరు వచ్చి ‘శిథిలావస్థ’ అని రాసి వెళ్తాడు. ఆ మాట పడ్డాక పొక్లెయిన్ రావడానికి ఎక్కువ రోజులు పట్టదు.

ఇలా ఖాళీ అయిన వాటిలో చాలావరకు నిన్నమొన్నటి స్లాబు గదులే కావచ్చు. కానీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సున్నపు గోడలతో, టేకు దూలాలతో, బెంగుళూరు పెంకులతో కట్టిన పాత బడులు ఇంకా మిగిలే ఉన్నాయి. ఊరి పెద్దలో మిషనరీలో జిల్లా బోర్డులో కట్టించినవి అవి. వాటిని బాగుచేసి ఊరి అవసరాలకు వాడుకుందామన్న మాట వచ్చినప్పుడల్లా మనం నేరుగా ఎస్టిమేటు దగ్గరికి వెళ్తాం: ఎంతవుతుంది, ఎవరిస్తారు, ఏ పద్దులో పెట్టాలి. నా మటుకు నాకు అది మూడో మెట్టు. ఆ భవనం ఎవరి పేరన ఉంది, బాగుచేశాక రోజూ ఉదయాన్నే దాని తలుపు తీసేది ఎవరు అన్న రెండు ముందు తేలాలి. ఇవి తేలకుండా పోసిన డబ్బు గోడకు రంగుగా మిగులుతుంది తప్ప భవనాన్ని కాపాడదు. ఇది ఊహించి చెబుతున్నది కాదు. వందేళ్ళ చరిత్ర ఉన్న ఒక అమెరికా అనుభవం ఈ విషయాన్ని కళ్ళకు కట్టినట్టు చూపిస్తుంది.

1912లో సియర్స్ రోబక్ కంపెనీ అధిపతి జూలియస్ రోజెన్‌వాల్డ్ తన యాభయ్యో పుట్టినరోజు సందర్భంగా అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థకు 25 వేల డాలర్లు ఇచ్చాడు. అందులో ఖర్చుకాకుండా మిగిలిన 2,800 డాలర్లతో చుట్టుపక్కల పల్లెల్లో నల్లజాతి పిల్లలకు ఆరు బడులు కట్టించనివ్వమని ఆ సంస్థను నడుపుతున్న బుకర్ టి. వాషింగ్టన్ అడిగాడు. అలా ఆరుతో మొదలైన పని 1932 నాటికి 15 దక్షిణాది రాష్ట్రాలకు పాకింది. 4,977 బడులు, 217 ఉపాధ్యాయుల ఇళ్ళు, 163 చేతిపనుల శాలలు లేచాయి. తెల్లవాళ్ళ బడికి ప్రభుత్వం ఇచ్చేదాంట్లో చిన్న వంతు మాత్రమే నల్లవాళ్ళ బడికి విదిల్చే రోజులవి. పౌరహక్కుల నేత జాన్ లూయిస్, రచయిత్రి మాయా ఏంజెలో చిన్నప్పుడు చదువుకున్నది ఇలాంటి బడుల్లోనే.

లోకమంతా వీటిని రోజెన్‌వాల్డ్ బడులనే పిలుస్తుంది. లెక్క తీస్తే కథ వేరు. మొత్తం ఖర్చు రమారమి 2 కోట్ల 84 లక్షల డాలర్లు. అందులో కోటీ 81 లక్షలు ప్రజలు కట్టిన పన్నుల సొమ్ము. రోజెన్‌వాల్డ్ నిధి ఇచ్చింది 43 లక్షలు. నల్లజాతి ఊళ్ళు సొంతంగా వేసుకున్న చందా 47 లక్షలు. అంటే పేరు పెట్టుకున్న దాత కన్నా పేరులేని కూలీలు, కౌలురైతులే ఎక్కువ ఇచ్చారు. అదీ మిగతావాళ్ళతో పాటు పన్ను కట్టి, దాని మీద మళ్ళీ చందా వేసుకుని. కొన్నిచోట్ల ఎకరమో అరెకరమో పత్తి చేను బడి కోసమని విడిగా సాగుచేశారు. ఆడవాళ్ళు వండి తెచ్చిన భోజనాలను వేలం వేశారు. అలబామాలో ఒక చందాల సభలో బానిసత్వాన్ని కళ్ళారా చూసిన ఒక ముసలాయన జిడ్డోడుతున్న పాత సంచీ విప్పి, జీవితమంతా కూడబెట్టిన 38 డాలర్లూ బల్ల మీద కుమ్మరించాడని ఆ ఉద్యమ పత్రాల్లో నమోదైంది. 1997లో మొదలైన జన్మభూమి కార్యక్రమంలో ప్రజల వాటా, ప్రభుత్వ వాటా అన్న పద్ధతి చూసిన మనవాళ్ళకు ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. స్థలమూ భవనమూ కౌంటీ విద్యాశాఖ పేర రాసిస్తేనే నిధి నుంచి డబ్బు వచ్చేది. ఉద్దేశం మంచిదే. ప్రభుత్వ ఆస్తి అయితే టీచరు జీతం, నిర్వహణ ప్రభుత్వం నెత్తిన పడతాయి, తప్పించుకోవడానికి ఉండదు. బడి నడిచినంతకాలం ఆ షరతు మేలే చేసింది. 1954లో బ్రౌన్ కేసులో జాతుల వారీ బడులు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తరువాతి పదిహేనేళ్ళలో నల్లజాతి బడులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పిల్లలు పెద్ద బడులకు వెళ్ళిపోయారు. అది గెలుపే, అనుమానం లేదు. కానీ ఊరు చెమటోడ్చి కట్టుకున్న భవనం కాగితం మీద కౌంటీది కదా. కొన్నింటిని వేలం వేశారు. కొన్ని గడ్డివాములకు, సామాన్ల గదులకు పనికొచ్చాయి. ఎన్నో కూలిపోయాయి. తాతలు చందాలిచ్చి కట్టిన బడిని మనవలు మళ్ళీ డబ్బు పెట్టి కొనుక్కోవలసి వచ్చిన ఊళ్ళున్నాయి. 2002లో అమెరికా జాతీయ వారసత్వ ట్రస్టు ఈ బడులను అత్యంత ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో చేర్చింది. ఇవాళ మిగిలినవి రమారమి 500 అని అంచనా. పదింట ఒక్కటన్న మాట.

మిగిలినవాటిలో బాగుపడినవేవో, పడనివేవో చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. వర్జీనియాలోని రాపహానాక్ కౌంటీలో స్క్రాబుల్ బడి ఉంది. 1921లో కట్టారు. 1968లో మూతపడింది. నలభై ఏళ్ళు పాడుబడి ఉంది. పూర్వ విద్యార్థులు పూనుకుని 2009లో దాన్ని మళ్ళీ తెరిపించారు. వాళ్ళు దాన్ని ఒట్టి మ్యూజియం చేసి ఊరుకోలేదు. ఒక పక్క నల్లజాతి చరిత్ర ప్రదర్శన పెట్టి, భవనాన్ని కౌంటీ వృద్ధుల కేంద్రంగా మార్చారు. పెద్దవాళ్ళు కలుసుకోవడానికి, కలిసి భోంచేయడానికి వస్తారు. మ్యూజియానికి ఏడాదికోసారి వచ్చేవాళ్ళుంటారేమో గానీ భోజనానికి వచ్చేవాళ్ళు మర్నాడూ వస్తారు. చూరు కారితే ఆ రోజే ఎవరో ఒకరికి కనిపిస్తుంది. పాత భవనానికి ఇంతకన్నా మంచి కాపలా లేదు.

ఈ బడులు మళ్ళీ ఊరి భవనాలుగా అంత సులువుగా ఒదగడానికి ఇంకో కారణం వాటి కట్టడంలోనే ఉంది. తొలి నమూనాలు గీసినవాళ్ళలో ముఖ్యుడు రాబర్ట్ టేలర్, ఎంఐటీలో పట్టా పుచ్చుకున్న మొదటి నల్లజాతి ఆర్కిటెక్టు. కరెంటు లేని పల్లెలు కాబట్టి వెలుతురే ఆయన లెక్కంతా. గోడకు ఒకటో రెండో కిటికీలు పెట్టలేదు. ఒకే వైపు నిలువెత్తు కిటికీలు అరడజను దాకా పక్కపక్కనే వరసగా పేర్చాడు. తూర్పు, పడమర వెలుగు గదిలోకి నిండుగా పడేలా భవనాన్ని తిప్పి నిలబెట్టారు. కుడిచేత్తో రాసే పిల్లవాడి పలక మీద వాడి చెయ్యి నీడ పడకుండా వెలుతురు ఎడమ నుంచి వచ్చేట్టు బల్లలు వేశారు. రెండు తరగతి గదుల మధ్య గోడ కట్టకుండా జరిపే తలుపుల అడ్డం పెట్టారు. సాయంత్రం దాన్ని లాగేస్తే రెండు గదులూ కలిసి సభకు, పాటకచేరీకి, రైతుల సమావేశానికి సరిపడే హాలు అవుతుంది. 1924లో రోజెన్‌వాల్డ్ నిధి అచ్చువేసిన నమూనాల పుస్తకం పేరులోనే ‘కమ్యూనిటీ స్కూల్’ అన్న మాట ఉంది. అంటే ఊరి వాడకం తరువాతెప్పుడో తగిలించింది కాదు, పునాది నాడే అనుకున్నది. అందుకే ఇప్పుడు బాగుచేసేవాళ్ళు ముందుగా చేసే పని, మధ్యలో ఎవరో చెక్కలు కొట్టి మూసేసిన ఆ కిటికీలను మళ్ళీ తెరవడం.

జపాన్ సంగతీ ఒక మాట చెప్పుకోవాలి. పిల్లలు తగ్గి అక్కడ ఏటా వందల బడులు మూతపడుతున్నాయి. అక్కడి విద్యాశాఖ లెక్క ప్రకారం 2002 నుంచి 2020 దాకా మూతపడినవి 8,580. వాటిలో భవనం మిగిలినవి 7,398 ఉంటే, నూటికి డెబ్బైనాలుగు ఏదో ఒక పనికి వాడకంలో ఉన్నాయి. కోచి రాష్ట్రంలోని మురోతోలో ఒక మూతపడిన ప్రాథమిక పాఠశాల 2018లో చేపల ప్రదర్శనశాలగా తెరుచుకుంది. పిల్లలు ఈతకొట్టిన 25 మీటర్ల కొలనులో ఇప్పుడు సొరచేపలు, తాబేళ్ళు తిరుగుతున్నాయి. ఈ ముచ్చట కంటే మనకు పనికొచ్చేది వాళ్ళు సవరించుకున్న ఒక నిబంధన. కేంద్ర నిధులతో కట్టిన బడిని వేరే పనికి వాడితే సబ్సిడీ తిరిగి కట్టాలన్న షరతును సడలించారు. ఖాళీ బడుల జాబితాను విద్యాశాఖే అందరికీ కనిపించేలా పెట్టి, కావలసినవాళ్ళు రండి అని పిలిచింది. ముందు కాగితం కదిలింది, తరువాతే తాపీ.

మన దగ్గర కదలనిది ఆ కాగితమే. చాలా ఊళ్ళలో బడి స్థలం ఎవరో ఒక భూస్వామి నోటిమాటగా ఇచ్చింది, లేదా గ్రామకంఠంలో ఉన్నది. దానపత్రం ఉన్నా రిజిస్టర్ కాలేదు. భవనం మండల పరిషత్తుదో జిల్లా పరిషత్తుదో విద్యాశాఖదో అడిగితే ముగ్గురూ మిగతా ఇద్దరి వైపు చూపిస్తారు. బడి నడుస్తున్నంతకాలం ఎవరికీ పట్టని ఈ విషయం తాళం పడ్డ మర్నాడే పెద్ద గొడవవుతుంది. దాత వారసులు వస్తారు. బడి కోసం ఇచ్చాం, బడే లేనప్పుడు స్థలం మాది అంటారు. వాళ్ళ వాదనలో న్యాయం ఎంతుందన్నది వేరే సంగతి. ఆ వివాదం నడుస్తున్నన్నాళ్ళూ పెంకులు మాత్రం జారుతూనే ఉంటాయి.

73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గవిగా 29 అంశాలున్నాయి. ప్రాథమిక, మాధ్యమిక విద్య అందులో ఉంది. గ్రంథాలయాలు, సాంస్కృతిక కార్యక్రమాలు ఉన్నాయి. ఆఖరిది సామాజిక ఆస్తుల నిర్వహణ. పాత బడిని ఊరికి అప్పగించడానికి కావలసిన సరంజామా మూడు దశాబ్దాలుగా రాజ్యాంగంలోనే ఉందన్నమాట. లేనిదల్లా ఒక జీవో. ఫలానా తేదీ నాటికి వరుసగా ఇన్నేళ్ళు పిల్లలు లేని బడి భవనాన్ని, యాజమాన్యం ప్రభుత్వం దగ్గరే ఉంచుకుని, గ్రామసభ తీర్మానం మీద పదిహేనో ఇరవయ్యో ఏళ్ళకు పంచాయతీకి లీజుకివ్వాలని చెప్పే జీవో. యాజమాన్యం ఎందుకు బదిలీ చేయకూడదంటే, మన ఊళ్ళ సంగతి మనకు తెలుసు కనుక. రోడ్డు పక్కన పది సెంట్ల స్థలం పంచాయతీ చేతికి పూర్తిగా వస్తే అక్కడ దుకాణాల సముదాయం లేవడానికి ఒక్క పదవీకాలం చాలు.

వారసత్వ చట్టాలు ఆదుకుంటాయనుకుంటే అదీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ఉంది, తెలంగాణలో 2017లో వారసత్వ చట్టం వచ్చింది. వాటి చూపు కోటల మీద, గుళ్ళ మీద, సమాధుల మీద ఉంటుంది. నాలుగు గదుల బడి వాటి కంటికి ఆనదు. ఆనాలని కోరడమూ తెలివైన పని కాకపోవచ్చు. రక్షిత కట్టడం అన్న బోర్డు పడితే మేకు కొట్టడానికీ అనుమతి కావాలి, అప్పుడు వాడుకునేవాళ్ళే పారిపోతారు. ఈ భవనాలకు కావలసింది గౌరవం కన్నా రాకపోకలు.

ఇక తాపీ సంగతి. పాత బడికి మనం చేసే పెద్ద అపకారం దాన్ని సిమెంటుతో బాగుచేయడం. సున్నపు గోడ తేమను పీల్చుకుంటుంది, ఎండకు మళ్ళీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. కొన్ని వానాకాలాలు గడిచాక పూత ఉబ్బి పలకలుగా ఊడుతుంది, పోతూ పోతూ ఇటుక పైపొరను కూడా వెంటబెట్టుకు పోతుంది. అప్పుడు, చూశారా, పాత గోడ ఆగలేదు అంటారు. ఆగకపోవడానికి కారణం మన పూతే. ఇలాంటి గోడకు డంగు సున్నం కావాలి. సున్నాన్ని గుంటలో నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో మెత్తగా తిప్పాలి. కొందరు మేస్త్రీలు కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలుపుతారు. ఈ పని తెలిసినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారని అడిగేవాళ్ళు హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల వైపు చూడాలి. 2013 నుంచి దశాబ్దం పాటు ఆగాఖాన్ ట్రస్టు అక్కడ చేయించినది చాలామటుకు ఈ సున్నం పనే. ఆ చేతులు ఉన్నాయి. వాటిని పల్లెకు పిలిచే ఎస్టిమేటు రాయడం ఇంజినీరింగ్ విభాగానికి అలవాటు లేదు. అందుకే మొదటి విడతలో గోడ జోలికే పోకూడదంటాను. పెంకు సర్ది, చూరు నీళ్ళు గోడకు తగలకుండా కాలవ తీసి, కుళ్ళిన వాసాలు మార్చి ఆపేస్తే చాలు. నీళ్ళు లోపలికి రావడం ఆగితే భవనానికి సగం జబ్బు నయమైనట్టే. గోడల పని తరువాత తీరిగ్గా చేసుకోవచ్చు.

దీనికి వచ్చే బలమైన అభ్యంతరం భద్రత. 2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ తరువాత ఏ అధికారీ పాత గోడకు పూచీ పడడు, పడమని అడగడమూ న్యాయం కాదు. కానీ ‘పాతది’, ‘ప్రమాదకరమైనది’ ఒకటే అన్నట్టు జాబితాలు తయారుచేస్తే మాత్రం నష్టం. పట్టించుకోని కొత్త స్లాబు కంటే పట్టించుకున్న పాత పెంకుటిల్లు నయం. సున్నపు కట్టడాలు తెలిసిన ఇంజినీరింగ్ కళాశాల వాళ్ళ చేత పరీక్ష చేయించి, రాతపూర్వకంగా ధ్రువీకరణ ఇచ్చేదాకా లోపల ఎవరూ కూర్చోకూడదు. కూల్చమని చెప్పే కాగితానికి ఒక సంతకం చాలుతున్నప్పుడు, ఉంచమని చెప్పే కాగితానికీ ఒక దారి ఉండాలి కదా.

డబ్బు లేదనడం పూర్తి నిజం కాదు. ఆంధ్రలో బడులు బాగుచేసే నాడు–నేడు పథకం 2019లో మొదలైంది. తెలంగాణలో మన ఊరు–మన బడి 2022లో 26,065 బడుల కోసం 7,289 కోట్ల అంచనాతో మొదలైంది. అవి నడుస్తున్న బడులకు. పదిహేనో ఆర్థిక సంఘం 2021–26కు గ్రామాలకిచ్చిన నిధుల్లో నూటికి నలభై షరతుల్లేనివి. దాతలూ ఉన్నారు. అమెరికాలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడ్డ పూర్వ విద్యార్థులు సొంతూరికి ఏదైనా చేయాలనుకుంటే ముందుగా తట్టేది స్వాగత తోరణం, తరువాత రంగస్థలం. పది లక్షలిస్తే గదికి, కోటి ఇస్తే బడికి దాత పేరు పెడతామని మన ఊరు–మన బడి ప్రకటించింది. శిలాఫలకం మీది మోజు మనకు కొత్త కాదు, దాన్ని తప్పుపట్టి లాభం లేదు. జారిన పెంకు సర్దితే మాత్రం ఎవరి పేరూ ఎక్కదు. ఆ పేరుకు చోటు చూపించే బాధ్యత పథకం రాసేవాళ్ళదే.

వాడకం దగ్గరికొస్తే మొదటి అద్దెదారు ప్రభుత్వమే కావాలి. అద్దె గదుల్లో ఇరుకుగా నడిచే అంగన్‌వాడీలు ఉన్నాయి. మహిళా సంఘాల సమాఖ్యలకు కూర్చునే చోటు ఉండదు. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కట్టే ఊళ్ళలో గ్రంథాలయం ఉన్నవి ఎన్ని? వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో మొదలైంది, దాని భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు. అది ఇప్పటికీ నిలబడి ఉండటానికి ఆ పునాదిరాయి కన్నా రోజూ అక్కడ పేపరు చదవడానికి, పాత పత్రికలు వెతకడానికి వచ్చే మనుషులే ఎక్కువ కారణం. పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే హాలుగా మార్చాలన్న ఒత్తిడి ప్రతి ఊళ్ళోనూ వస్తుంది. నెలలో నాలుగు రోజులు కిటకిటలాడి మిగతా రోజులు తాళం పడే వాడకం అది. పైగా వంటల పొగ దూలాలకు, షామియానా మేకులు గోడలకు.

కులం సంగతి దాచి మాట్లాడితే ఈ చర్చ పూర్తికాదు. మన ఊళ్ళలో కమ్యూనిటీ హాళ్ళు కులానికొకటి చొప్పున లేచాయి. ఎమ్మెల్యే నిధులు, ఎంపీ నిధులు అలాగే ఖర్చయ్యాయి. అందరూ కలిసి అడుగుపెట్టిన భవనం ఊళ్ళో ఏదైనా ఉందంటే అది బడి. అక్కడ కూడా దళిత పిల్లల్ని విడిగా కూర్చోబెట్టిన కాలం ఉంది, పంచములకు వేరే బడులు పెట్టిన చరిత్రా ఉంది. కాబట్టి పాత బడిని పవిత్రం చేయనక్కర్లేదు. తాళంచెవి ఊరి నడుమ ఇంట్లో ఉంటే వాడలోని ఆడమనిషి వెళ్ళి అడగదు. అదే మహిళా సమాఖ్య దగ్గర ఉంటే అడుగుతుంది. లీజు పత్రంలో నిర్వహణ సంఘం ఎవరితో ఏర్పడాలో, అందులో ఎవరికెన్ని స్థానాలో రాయాలనడం అందుకే.

చివరి అభ్యంతరం టీచర్ల సంఘాల నుంచి వస్తుంది, అది కొట్టిపారేయదగ్గది కాదు. ఖాళీ బడికి అందమైన కొత్త వాడకం దొరికితే, బడులు మూసేయడం ప్రభుత్వానికి మరింత సులువవుతుంది. విద్యాహక్కు నిబంధనల ప్రకారం చిన్న తరగతుల బడి పిల్లల ఇళ్ళకు కిలోమీటరు లోపే ఉండాలి. భవనం అంగన్‌వాడీకి, గ్రంథాలయానికి వెళ్ళిపోయాక నలుగురైదుగురు తల్లిదండ్రులు వచ్చి మా పిల్లల్ని ఇక్కడే చేర్పిస్తాం, బడి తెరవండి అంటే గది ఎక్కడ? రోజెన్‌వాల్డ్ నమూనాల్లో ఉన్న జరిపే తలుపుల అడ్డం దీనికి కొంత దారి చూపిస్తుంది. ఒక గదికి ఊరి వాడకం, రెండో గదికి బ్లాక్‌బోర్డు, పిల్లల మరుగుదొడ్డి చెక్కుచెదరకుండా. అడిగిన పిల్లల సంఖ్య ఫలానాకు చేరితే తొంభై రోజుల్లో ఆ గదులు విద్యాశాఖకు తిరిగి అప్పగించాలన్న షరతు లీజు పత్రంలో మొదటి పేజీలోనే ఉండాలి. ఆ సంఖ్య ఎంతన్నది అధికారులు కాక గ్రామసభ తేల్చాలి.